అరకు చూసొచ్చాం, అక్కడే ఉండిపోవాలనుంది!

ఇల్లూ ఊరూ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మాది హైదరాబాద్, నిజాంపేట. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్. పాప ఎనిమిదో తరగతి, బాబు రెండు. అమ్మ మాతోనే ఉంటుంది, షుగరు, బీపీ ఉన్నాయి, రెండేళ్ల కిందట స్టెంట్ కూడా వేశారు. పెళ్లయిన దగ్గర్నుంచి ఇప్పటికి ఏడుసార్లు అరకు వెళ్లాం. వెళ్లిన ప్రతిసారీ తిరిగి రావాలంటే ఏడుపొస్తుంది. మొన్న వలిసె పూల సీజన్లో వెళ్లినప్పుడు ఒకాయన పరిచయమై రోడ్డుకి దగ్గర్లో 20 సెంట్లు చూపించాడు. రిజిస్ట్రేషన్ అక్కడి గిరిజనుడి పేరు మీదే ఉంటుందట, మాకు అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆయన తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇస్తారట, అందరూ అలాగే చేస్తున్నారట. రెండు లక్షలు అడ్వాన్సు ఇస్తే ఇంకెవరికీ చూపించనంటున్నాడు. నాకు ప్రస్తుతం వర్క్ ఫ్రం హోం. ఇల్లు కట్టుకుని పక్కనే నాలుగు గదుల హోమ్‌స్టే పెడితే నెల గడిచిపోతుందని లెక్క వేసుకున్నాను. అమ్మకి మాత్రం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ రెండు లక్షలు ఇచ్చేశారో లేదో మీ ఉత్తరంలో రాయలేదు. ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఈ జవాబు పూర్తిగా చదివేదాకా కూడా ఆగకుండా ఆయనకి ఫోన్ చేసి వెనక్కి అడగండి.

అరకు ఏజెన్సీ ప్రాంతం, అంటే షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు. దీన్నే అందరూ 1/70 చట్టం అంటారు. 1959లో తెచ్చిన భూ బదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించి గట్టి చేశారు, ఆ సవరణ నెంబరే ఈ 1/70. సవరణ తర్వాత పరిస్థితి ఎలా ఉందంటే, గిరిజనుడి దగ్గర్నుంచి మీరు కొనడం చెల్లదు సరే, అక్కడ ఎప్పట్నుంచో ఉంటున్న గిరిజనేతరుడి దగ్గర్నుంచి కొన్నా చెల్లదు. అమ్మేవాడు ఎవరైనా కొనేవాళ్లు గిరిజనులో గిరిజనుల సహకార సంఘమో అయి ఉండాలి. పైగా గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచే వచ్చిందని చట్టం ముందుగానే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత వాడిదే. అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, లీజు, గిఫ్టు, మార్పిడి అన్నీ దీని కిందికే వస్తాయి. కాబట్టి రేపు ఆయన మాట మార్చి “పోనీ 99 ఏళ్ల లీజు రాయిస్తాను సార్” అంటే అదీ ఇదే బాపతు.

ఇక జీపీఏ సంగతి. డబ్బు మీది, పేరు ఇంకొకరిది, దాన్ని బినామీ అంటారు. ఎవరి పేరు మీద కాగితం ఉందో ఆయన మంచివాడే కావచ్చు. పదేళ్ల తర్వాత ఆయన కొడుకు వచ్చి ఇది మా నాన్న భూమి, ఖాళీ చేయండి అంటే మీరు ఏ కోర్టుకి వెళ్తారు? వెళ్లి ఏమని చెప్తారు, చట్టం ఒప్పుకోదని తెలిసే వేరేవాళ్ల పేరు మీద కొన్నానని మీరే రాసివ్వాలి. నిజానికి ఆ అబ్బాయి అడిగేదాంట్లో తప్పు కూడా లేదు, అది వాళ్ల భూమే. అందరూ చేస్తున్నారన్న మాట నిజమే కావచ్చు, ఘాట్ రోడ్డు ఎక్కింది మొదలు రిసార్టుల బోర్డులు మనకీ కనపడుతూనే ఉంటాయి. వాటిలో ఏది ఎవరి పేరు మీద నడుస్తుందో, ఏ కేసులో ఉందో బోర్డు మీద రాసి ఉండదు కదా.

ఈ చట్టం మీద విసుక్కునేవాళ్లు చాలామంది నాకు ఉత్తరాలు రాస్తారు, మన దేశంలో మనం కొనుక్కోకూడదా అని. ఆ కొండల్లో ఉప్పుకీ బట్టకీ అప్పిచ్చి, ఆ అప్పు కింద పొలాలు రాయించుకున్న మైదానం షావుకార్ల కథ ఒకటుంది. అందుకే ఇలాంటి చట్టం బ్రిటిష్‌వాళ్లే 1917లో మొదటిసారి తెచ్చారు. మీరు ఏడుసార్లూ బొర్రా గుహలు చూసే ఉంటారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ప్రైవేటు మైనింగ్ లీజుల మీదే సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రభుత్వమైనా సరే ఏజెన్సీలో భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వడానికి లేదని 1997లో తీర్పు వచ్చింది. ప్రభుత్వానికే కుదరనిది నిజాంపేట నుంచి వచ్చిన మనకి జీపీఏతో ఎలా కుదురుతుంది చెప్పండి. మీరు మళ్లీ మళ్లీ చూడాలనుకునే ఆ లోయ ఇంకా అలా ఉందంటే అందులో ఈ చట్టానికీ కొంత వాటా ఉందని నా అభిప్రాయం.

అన్నట్టు, ఇది అరకుతో ఆగదు. పాడేరు, లంబసింగి, మారేడుమిల్లి, అటు తెలంగాణలో భద్రాచలం వైపు, ఉట్నూరు, ఏటూరునాగారం ఏజెన్సీ, అన్నిచోట్లా ఇదే. తెలంగాణ ఏజెన్సీకి ఈ రెగ్యులేషన్ 1963 నుంచీ ఉంది. కాబట్టి “అరకు వద్దులే, లంబసింగిలో ఇంకా చవకగా ఉంది” అని ఎవరైనా చెప్తే వినకండి.

సరే, భూమి కొనకుండా అద్దెకుందాం అంటారా. ఏజెన్సీలో పనిచేసే ఉద్యోగులంతా అలాగే ఉంటారు. మేమూ ఉన్నాం. మా వారికి బ్యాంకు ఉద్యోగం, అరకు బదిలీ అయితే మేమంతా ఎగిరి గంతేశాం, రెండున్నరేళ్లు ఉన్నాం అక్కడ. అందుకే ఈ మాట చెప్పగలను: మీరు ఏడుసార్లు చూసిన అరకు నవంబరు, డిసెంబరు, మహా అయితే జనవరి. జులైలో ఒక్కసారైనా వెళ్లారా?

జూన్ మూడోవారంలో మొదలైన వాన దసరా దాకా మమ్మల్ని వదల్లేదు. కుండపోత అయితే పోనీ ఒక గంట కురిసి వెలిసేది. ఇది అలా కాదు, మంచులాంటి తుంపర, పొద్దున లేస్తే అదే, రాత్రి పడుకుంటే అదే. మావారి తోలు బెల్టు అల్మరాలో పెట్టి పదిరోజుల తర్వాత తీస్తే మొత్తం తెల్లగా బూజు. పెళ్లి ఆల్బమ్ పేజీలు అతుక్కుపోయాయి. పిల్లల యూనిఫాం రెండు జతలుంటే సరిపోవని నాలుగు జతలు కుట్టించి, తడివి కుంపటి మీద బుట్ట బోర్లించి ఆరబెట్టేదాన్ని, స్కూలుకెళ్లేటప్పుడు చొక్కాలోంచి బొగ్గు వాసన వచ్చేదని మా వాడు గొడవ చేసేవాడు. పప్పులు, అప్పడాలు మెత్తబడిపోయేవి. ఏదో చెట్టు తీగల మీద పడితే కరెంటు పోయేది, మళ్లీ వచ్చేదాకా ఎవరికీ తెలీదు ఎప్పుడొస్తుందో. మీ ఆఫీసు కాల్ మధ్యలో ఇలా అయితే మీ మేనేజర్ ఒకసారి నవ్వుతాడు, రెండోసారి నవ్వడు. టౌన్లో నెట్ దొరుకుతుంది కానీ టౌన్ దాటి నాలుగు కిలోమీటర్లు వెళ్తే సిగ్నల్ ఎక్కడెక్కడ పోతుందో మీరే చూసుంటారు, సెలవుల్లో అయితే అదే హాయిగా అనిపిస్తుంది.

బాగున్నవీ చెప్పాలి, లేకపోతే నాకే పాపం. సంతరోజు కొండ ఊళ్ల నుంచి ఆడవాళ్లు తెల్లారకముందే బయల్దేరి బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లు. పసుపు, అల్లం, పిప్పళ్లు, రాజ్‌మా, అడ్డాకులు, సీజన్లో సీతాఫలాలు, పనసకాయలు. తూకం ఉండదు, నేలమీద పోగులు పెట్టేస్తారు. ఒకావిడ దగ్గర నేను ఎప్పుడూ రాజ్‌మా కొనేదాన్ని. ఒకసారి అలవాటు ప్రకారం బేరమాడితే ఆవిడ ఏమీ అనకుండా పోగులోంచి నాలుగు గింజలు తీసి పక్కన పెట్టేసింది. “నీ రేటుకి ఇంతే” అన్నట్టు. ఆ తర్వాత నేనెప్పుడూ బేరమాడలేదు. రెండున్నరేళ్లలో మాకు అక్కడ స్నేహాలు కలిశాయి, పండగలకి పిలిచేవాళ్లు, వాళ్ల థింసా నృత్యం ఆడమని లాక్కెళ్లేవాళ్లు. కానీ మేం ఉద్యోగం మీద వచ్చినవాళ్లం, మళ్లీ వెళ్లిపోతామని వాళ్లకీ తెలుసు. భూమి కోసం వచ్చినవాడిని చూసే చూపు వేరుగా ఉంటుంది, అలా ఉండడానికి కారణాలూ ఉన్నాయి.

మీ అమ్మగారి విషయం దగ్గరికొస్తాను, నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే, మీరు మాత్రం చివరి లైన్లో పెట్టారు. స్టెంట్ వేసిన మనిషి. అరకులో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, జ్వరాలకీ కాన్పులకీ అదే దిక్కు. గుండెకి సంబంధించింది ఏదైనా వస్తే విశాఖపట్నమే. దూరం 115 కిలోమీటర్లు, అందులో అనంతగిరి ఘాట్ ఉంది, రాత్రిపూట పొగమంచు దిగితే బండి నడిపేవాడికి ముందు చక్రం కూడా కనపడదు. మూడు గంటల్లో చేరితే అదృష్టం. వర్షాకాలంలో ఒక్కోసారి కొండచరియలు పడి రోడ్డు ఆగుతుంది, రైలు కూడా ఆగుతుంది. కొత్తవలస–కిరండూల్ లైను అసలు బైలదిల్లా ఇనుప ఖనిజం దించడానికి వేసింది, పదుల కొద్దీ సొరంగాలు, వంతెనలు ఉన్న ఆ దారి విస్టాడోమ్ అద్దాల పెట్టెలో కూర్చుంటే ఎంత అందంగా ఉంటుందో మీకు తెలుసు, కానీ పేషెంటుని తీసుకెళ్లడానికి అది పనికొచ్చే దారి కాదు. ఆ పైన వానాకాలం దోమలు, మలేరియా. ఏజెన్సీ ఊళ్లకి దోమతెరలు పంచేది ఊరికే కాదు. అమ్మగారు ఇష్టం లేదన్నారంటే ఆవిడకి ఇవన్నీ తట్టే ఉంటాయి, మీరు ఒకసారి కూర్చుని ఎందుకు వద్దంటున్నావమ్మా అని అడిగి చూడండి.

పాప చదువు గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు, నాకు ఆశ్చర్యమేసింది. పాప ఎనిమిదిలో ఉంది. తెలంగాణలో మెడికల్ సీట్లకి లోకల్ అనిపించుకోవాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరసగా 4 ఏళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలని 2024లో గట్టిగా రూలు పెట్టారు, 2025లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆంధ్రాలో లోకల్ కావాలన్నా లెక్క దాదాపు అదే, చివరి నాలుగేళ్లు. అంటే మీరు తొమ్మిది మొదలవకముందే రాష్ట్రం మారాలి, మారితే ఇంటర్ అయ్యేదాకా కదలకూడదు. తొమ్మిది హైదరాబాద్‌లో, పది అరకులో, నచ్చలేదని మళ్లీ ఇంటర్‌కి హైదరాబాద్ అంటే పాప ఎక్కడా లోకల్ కాకుండా పోయే ప్రమాదం ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారడం అంటే ప్యాకర్స్‌కి ఫోన్ చేయడమే అనిపిస్తుంది కానీ, రాష్ట్రం మారడం వేరు. ఆ ఏడాది రూల్సు ఎలా ఉన్నాయో అడ్మిషన్ల నోటిఫికేషన్ తెప్పించుకుని మీరే చదవండి, ఎవరో చెప్పారని నమ్మకండి, నన్ను కూడా. అరకులో గురుకులాలున్నాయి కానీ అవి ప్రధానంగా గిరిజన పిల్లల కోసం పెట్టినవి. ఉన్న కొద్దిపాటి ప్రైవేటు స్కూళ్లతో హైదరాబాద్ పిల్ల సర్దుకోవడం కష్టం, అక్కడి ఉద్యోగులే పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి కుటుంబాన్ని విశాఖలో పెట్టి తాము మాత్రం వారానికోసారి వెళ్లొస్తుంటారు. మేమూ ఆఖరి ఆరునెలలు అదే చేశాం.

హోమ్‌స్టే లెక్క ఒక్క మాటలో తేల్చేస్తాను. భూమి లేకుండా కట్టలేరు. వేరేవాళ్ల భూమిలో కట్టకూడదు. కట్టారే అనుకోండి, నిండేది కార్తీకమాసం నుంచి సంక్రాంతి దాకా, అది కూడా శని ఆదివారాలు. మిగతా ఏడాదంతా దుప్పట్లకి బూజు పట్టకుండా చూసుకోవడమే పని. మీ ఎక్సెల్ షీట్లో పన్నెండు నెలలూ ఒకేలా రాసుకుని ఉంటారు, అవునా?

మరి ఏం చేయాలంటే. అరకు కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల కిందుగా పారి, తాటిపూడి రిజర్వాయర్లో ఆగి, అక్కణ్నుంచి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మీరూ ఆ నది వెంట కొంచెం కిందికి దిగి వెతకండి. శృంగవరపుకోట ఉంది, ఎస్.కోట అంటారు, విజయనగరం జిల్లా. ఘాట్ రోడ్డు ఎక్కేముందు టిఫిన్‌కి ఆగుతారు చూడండి, ఆ ఊరు. విశాఖకి 50 కిలోమీటర్ల చిల్లర, విజయనగరం ఇంకా దగ్గర. పొద్దున డాబా ఎక్కితే కొండలు కనపడతాయి, పుణ్యగిరి పక్కనే, తాటిపూడి సాయంత్రం బండి మీద వెళ్లొచ్చేంత దూరం. బుద్ధి పుడితే ఆదివారం పొద్దున్నే బయల్దేరి అరకులో కాఫీ తాగి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. డిసెంబర్ ట్రాఫిక్‌లో మాత్రం కాదు. అమ్మగారికి కార్డియాలజిస్టు గంటన్నర దూరంలో ఉంటాడు. అయితే ఇక్కడ కూడా జాగ్రత్త. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అటు వైపంతా సెంట్లలో మాట్లాడేది గజాల్లోకి మార్చేశారు. కొనేముందు ఈసీ, అంటే ఆ భూమి మీద లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయించండి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో సర్వే నెంబరుందేమో చూడండి, డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి) అన్న మాట వినపడితే లేచి వచ్చేయండి. కొండవాలులో ఉన్న ఊళ్లలో అయితే ఏజెన్సీ గీత ఎక్కడ మొదలవుతుందో తహసీల్దార్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి, బ్రోకరుని అడిగితే ఎప్పుడూ “అది అవతలి ఊరు సార్” అనే అంటాడు.

అది కూడా వెంటనే కొనొద్దు. వచ్చే జులైలో మీ వర్క్ ఫ్రం హోం పట్టుకుని ఎస్.కోటలోనో అరకు టౌన్లోనో ఒక నెల గది తీసుకుని మీరు ఒక్కరే ఉండండి. పిల్లల్ని తీసుకెళ్తే అది మళ్లీ టూర్ అయిపోతుంది. వంట మీరే చేసుకోండి, బట్టలు మీరే ఆరేసుకోండి. ఆ నెల తర్వాత కూడా మీ మనసు అదే చెప్తే నాకు మళ్లీ రాయండి, అప్పుడు బండి టీజీ నెంబరు మార్చుకోవడానికి ఎన్‌వోసీ, లైఫ్ ట్యాక్స్ గొడవలు మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేడం, నేనూ మా వారూ ఇద్దరం రిటైరయ్యాం. విజయవాడలో ఉంటున్నాం. ప్రతి వేసవికీ విశాఖ వెళ్లి భీమిలిలో నాలుగు రోజులు గడపడం మాకు ముప్ఫై ఏళ్ల అలవాటు. ఇక అక్కడే సముద్రం కనపడేలా చిన్న ఇండిపెండెంట్ ఇల్లు కొనుక్కుందామనుకుంటున్నాం. అబ్బాయి అమెరికాలో ఉంటాడు, డబ్బు సర్దుతానంటున్నాడు. సలహా చెప్పండి.

జవాబు: మంచి ఊరు ఎంచుకున్నారు. నేనిప్పుడు ఉండేది విశాఖలోనే కాబట్టి పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నాను. ఆసుపత్రులు దగ్గర, భాష మనదే, సాయంత్రం నడవడానికి తీరం. భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ల సమాధులూ లైట్‌హౌసూ చూస్తూ తిరగొచ్చు.

కానీ సముద్రం కనపడేలా అన్నారే, అక్కడే ఆగాలి. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండలం, సీఆర్‌జెడ్ అంటారు, అందులో ఎక్కడ కట్టొచ్చు, ఎక్కడ కూడదు అన్నదానికి వేరే రూల్సున్నాయి. కట్టి ఉన్న ఇల్లయినా ప్లాన్ అప్రూవల్‌తో పాటు సీఆర్‌జెడ్ అనుమతి కాగితం చూపించమనండి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ప్లాట్లంటూ ఎవరైనా వస్తే వాళ్లకి కాఫీ ఇచ్చి పంపించేయండి, అది రక్షిత భౌగోళిక వారసత్వ ప్రదేశం, వేల ఏళ్ల నాటి ఇసుక. దాని పక్కన ఇల్లు కట్టుకుని మనం మనశ్శాంతిగా ఉండలేం.

రెండోది ఉప్పుగాలి. నాలుగు రోజులు ఉండేవాళ్లకి అది చల్లగా తగులుతుంది. ఏడాదంతా ఉండేవాళ్లకి ఏసీ బయటి యూనిట్ తుప్పు, ఫ్రిజ్ అడుగు తుప్పు, గేటు తుప్పు, గ్యాస్ పొయ్యి బర్నర్ తుప్పు. మా స్నేహితురాలు బీచ్ రోడ్డులో ఉంటుంది. పొద్దున లేవగానే ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటే గుడ్డకి జిగటగా అంటుతుంది, ఇల్లంతా అదే, టీవీ మీద, అద్దం మీద. కిటికీలకి ఇనుప గ్రిల్ వేయించి మూడేళ్లకే మార్పించింది. మీరు తీసుకునే ఇంట్లో యూపీవీసీ కిటికీలు, ఇత్తడి బందులు ఉన్నాయేమో చూడండి, లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఏసీ కొనేటప్పుడు తీరప్రాంతానికి పనికొచ్చే కోటింగ్ ఉన్నదేనా అని అడగండి.

తుపాను గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్. మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో హాలు కిటికీ అద్దం మొత్తం లోపలికి వచ్చేసింది, నేనూ మా వారూ స్నానాలగదిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాం, మధ్యాహ్నం దాకా ఆ గాలి చప్పుడు రైలు ఇంజను పక్కన నిలబడ్డట్టు ఉంది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. అలాంటిది మళ్లీ వస్తే అమెరికాలో ఉన్న అబ్బాయికి నాలుగు రోజులు మీ క్షేమం తెలీదు, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించండి. ఇంత చెప్పి వద్దంటానా, అనను, నేను ఇంకా ఇక్కడే ఉన్నానుగా. తీరం నుంచి ఒక కిలోమీటరు లోపలికి జరిగి, డాబా మీద నుంచి సముద్రం కనపడే ఇల్లు తీసుకోండి. ఇండిపెండెంట్ కన్నా జనరేటరూ వాచ్‌మనూ ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ అయితే మీ వయసుకి నయం. ముందు పదకొండు నెలలు అద్దెకి ఉండండి. ఆ పదకొండు నెలల్లో ఒక అక్టోబరు ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: మేము నెల్లూరు వాళ్లం. ప్రతి పౌర్ణమికీ అరుణాచలం వెళ్లి గిరిప్రదక్షిణ చేస్తాం. తెలుగువాళ్లు చాలామంది అక్కడే ఇళ్లు తీసుకుంటున్నారు. మా ఆయనకి వ్యాపారం ఉంది కాబట్టి ఆయన ఇక్కడే ఉంటారు, నేనూ ఆరో తరగతి చదివే బాబూ తిరువణ్ణామలైకి మారిపోదామని నా ఆలోచన. బాబుని అక్కడి స్కూల్లో వేయొచ్చా?

జవాబు: అమ్మా, మీ భక్తిని తక్కువ చేయడం కాదు గానీ, ఈ ప్రశ్న మీ ఆయన కూడా చదువుతారని అనుకుని జవాబు రాస్తున్నాను.

బాబు ఆరో తరగతి. తమిళం చదవడం రాయడం రాదు. తమిళనాడులో స్టేట్ బోర్డు స్కూలైతే పదో తరగతికి తమిళం తప్పించుకోవడం కష్టం, సీబీఎస్‌ఈ స్కూలు అనుకున్నా అక్కడ కూడా తమిళం తప్పనిసరో కాదో, ఏ భాషలు చెప్తారో ఫీజు కట్టకముందే అడగండి. ఇంట్లో మీరిద్దరే, కూరగాయలవాడితో మాట్లాడటం దగ్గర్నుంచి కరెంటు ఆఫీసు దాకా భాష కావాలి. పౌర్ణమి నాడు ఆ 14 కిలోమీటర్ల దారిలో ఎటు చూసినా తెలుగే వినపడుతుంది నిజమే, మర్నాడు మధ్యాహ్నం బస్సులన్నీ వెళ్లిపోయాక ఆ దారిలో ఒకసారి నడిచి చూడండి. ఆ పౌర్ణమి రోజే స్థానికులు ఎలా ఉంటారో కూడా కనుక్కోండి, మా బంధువులావిడ అక్కడే ఉంటుంది, పౌర్ణమికి ముందురోజే పాలు, కూరలు తెచ్చేసుకుని తలుపులు వేసుకుంటుంది, ఆటో ఇంటిదాకా రాదు. ఏప్రిల్, మే ఎండలు నెల్లూరుని మించకపోయినా తీసిపోవు.

ఇల్లు కొనే ఆలోచన మాత్రం ఇప్పుడు పెట్టుకోకండి. కాగితాలన్నీ తమిళంలో ఉంటాయి, పట్టా, చిట్టా, విల్లంగం అంటారు, విల్లంగం అంటే మన ఈసీ లాంటిది. గుడి భూములు, పొరంబోకు భూములు కూడా కలిసిపోయి ఉండొచ్చు, తెలుగు మాట్లాడే బ్రోకరు దొరికాడని సంతోషపడిపోవద్దు. అక్కడి వకీలుకి డబ్బులిచ్చి చదివించుకోవాలి.

బాబుకి వేసవి సెలవులిస్తారుగా. ఆ నెలన్నరా ఒక గది అద్దెకి తీసుకుని ఇద్దరూ ఉండి రండి. రోజూ తెల్లవారుజామున ప్రదక్షిణ చేసుకోండి, జనం ఉండరు, పౌర్ణమి కన్నా నాకదే బాగుంటుంది. వచ్చాక బాబునే అడగండి, మళ్లీ వెళ్దామా నాన్నా అని. మీ ఆయనకి వారం వారం నెల్లూరు నుంచి వచ్చిపోవడం ఎలా ఉందో, ఆయన్నీ అడగండి.